షిఫ్ట్ + ట్యాబ్ నొక్కితే తర్వాతి అంశాలు ఎవరి కిందికి చేరతాయి?

ప్రశ్న: రాతపని

ఒక యంత్రం వాడుక పుస్తకం కోసం సుమారు 400 అంశాల అవుట్‌లైన్‌ను వర్డ్‌లో పెంచుకుంటూ వచ్చి, ఈ మధ్యనే దాన్ని ఒక ప్రత్యేక అవుట్‌లైనర్‌లోకి (అంశాలను, వాటి కింద ఉప అంశాలను పేర్చుకునే ప్రోగ్రామ్‌లోకి) మార్చుకున్నాను. షార్ట్‌కట్లు చూడటానికి ఇంచుమించు ఒకలాగే ఉన్నా, ఫలితాలు మాత్రం నేను అనుకున్నట్టు రావడం లేదు.

‘అమరిక’ అనే అధ్యాయం కింద ‘విద్యుత్తు’, ‘భద్రత’, ‘తొలి పరీక్ష’, ‘శుభ్రత’ అని నాలుగు ఉప అంశాలు ఇదే వరుసలో ఉన్నాయి. ‘భద్రత’ను విడి అధ్యాయం చేద్దామని దాని మీద కర్సర్ ఉంచి షిఫ్ట్ + ట్యాబ్ నొక్కితే, అది తన తర్వాత ఉన్న రెండు అంశాలనూ దాటుకుని కిందికి వెళ్లి, ‘అమరిక’ ముగిసిన చోట నిలిచింది. వర్డ్‌లో ఇదే పని చేసినప్పుడు ‘భద్రత’ ఉన్న చోటనే ఉండి పై స్థాయికి వెళ్లేది. ‘తొలి పరీక్ష’, ‘శుభ్రత’ వాటంతట అవే దాని కిందికి చేరేవి. ఈ రెండింటిలో ఏది సరైన పద్ధతి? నాకు కావలసినదాన్ని నేను ఎంచుకునే వీలుందా?

రెండో సందేహం కాపీ గురించి. ఉప అంశాలు కనిపించకుండా మడిచి ఉంచిన ఒక అంశం శీర్షికను మౌస్‌తో ఎంచుకుని, కాపీ చేసి, మరో అధ్యాయంలో పేస్ట్ చేసి, పాతదాన్ని తొలగించాను. తీరా చూస్తే కొత్త చోటికి శీర్షిక ఒక్కటే వచ్చింది. మడత లోపల ఉన్న 18 ఉప అంశాలు పాతదానితోపాటే పోయాయి. అన్‌డూ ఉండబట్టి బయటపడ్డాను గానీ, ఇది నా పొరపాటో, ప్రోగ్రామ్ తీరే అంతో తెలియడం లేదు.

జవాబు: కొమ్మరెమ్మ

రాతపని గారూ, మీ మొదటి ప్రశ్నకు సమాధానం షార్ట్‌కట్లలో లేదు, ఆ ప్రోగ్రామ్ అవుట్‌లైన్‌ను లోపల ఎలా దాచుకుంటుందన్న దానిలో ఉంది.

వర్డ్ దృష్టిలో మీ పత్రం ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చిన పేరాల వరుస మాత్రమే. ప్రతి హెడ్డింగుకూ ఒక స్థాయి సంఖ్య ఉంటుంది, అంతే. ఎవరు ఎవరి పిల్ల అన్నది ఎక్కడా రాసి ఉండదు. ఆల్ట్ + షిఫ్ట్ + ఎడమ బాణం నొక్కినప్పుడు ‘భద్రత’ స్థాయి 2 నుంచి 1కి మారుతుంది. దాని తర్వాత వచ్చే రెండో స్థాయి హెడ్డింగులు, తమకు దగ్గరలో పైన ఉన్న ఒకటో స్థాయి హెడ్డింగు అదే కాబట్టి, దాని సంతానంగా కనిపిస్తాయి. ఎమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్ కూడా ఈ కోవలోదే. అక్కడ స్థాయి అంటే పంక్తి మొదట ఉన్న నక్షత్రాల లెక్క.

వర్క్‌ఫ్లోయీ వంటి చెట్టు తరహా అవుట్‌లైనర్లలో మాత్రం ప్రతి అంశానికీ తన తల్లి ఎవరో స్పష్టంగా నమోదై ఉంటుంది. మీరు జరపమన్నది ‘భద్రత’ను ఒక్కదాన్నే కనుక, ‘తొలి పరీక్ష’, ‘శుభ్రత’ల తల్లిని మార్చే హక్కు తనకు లేదని ప్రోగ్రామ్ భావిస్తుంది. ఆ ఇద్దరు తమ్ముళ్లు ‘అమరిక’ దగ్గరే ఉండాలంటే, వాళ్లు కనిపించే చోటు దాటి ‘భద్రత’ కిందికి దిగక తప్పదు. అంటే అది గెంతడం లోపం కాదు. వరుసను కాపాడాలా, బంధుత్వాన్ని కాపాడాలా అన్న చోట అది బంధుత్వాన్ని ఎంచుకుంది. లాగ్‌సీక్ అనే మరో అవుట్‌లైనర్‌లో ఈ నిర్ణయాన్ని వాడేవారికే వదిలిపెట్టారు: సెట్టింగుల్లోని ఒక ఎంపికను బట్టి తర్వాతి అంశాలు జరిపిన అంశం కిందికైనా చేరతాయి, పాత తల్లి దగ్గరైనా ఉండిపోతాయి.

మీ ప్రోగ్రామ్‌లో అలాంటి ఎంపిక లేకపోయినా చేత్తో చేసుకోవచ్చు. ‘భద్రత’ను పైకి తెచ్చిన తర్వాత ‘తొలి పరీక్ష’, ‘శుభ్రత’లను కలిపి ఎంచుకుని, దాని కిందికి లాగితే సరిపోతుంది. వర్డ్‌లో దీనికి విరుద్ధమైన ఫలితం కావాలంటే, ముందు ‘భద్రత’ను ఆల్ట్ + షిఫ్ట్ + కింది బాణంతో ఆ రెండింటినీ దాటించి, ఆ తర్వాతే ఎడమకు జరపాలి.

వర్డ్ విషయంలో మరొక్క మాట చెప్పాలి, ఎందుకంటే నేను దీని దగ్గర చాలాసార్లు తడబడ్డాను. అవుట్‌లైన్ వ్యూలో అంశం విప్పి ఉండగా కర్సర్ మాత్రమే పెట్టి జరిపితే ఆ హెడ్డింగు ఒక్కటే స్థాయి మారుతుంది, దాని ఉప హెడ్డింగులు పాత స్థాయిలోనే ఉండిపోతాయి. మడిచి జరిపితే, లేదా పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి మొత్తం ఎంచుకుని జరిపితే, కుటుంబమంతా కదులుతుంది. ఆర్గ్ మోడ్ ఈ తేడాను మడతకు వదలకుండా కీలలోనే పెట్టింది: ఆల్ట్ + ఎడమ బాణం హెడ్డింగును మాత్రమే జరుపుతుంది, దానికి షిఫ్ట్ కలిపితే కొమ్మ మొత్తం జరుగుతుంది. నా దృష్టిలో ఇదే మేలైన పద్ధతి.

జవాబు: మడతపేజీ

కాపీ సంగతి నేను చెబుతాను. అవుట్‌లైనర్‌లో కర్సర్‌కు రెండు పాత్రలుంటాయి. అంశం లోపల అక్షరాల మధ్య ఉన్నప్పుడు అది మామూలు ఎడిటర్ కర్సర్. అప్పుడు కంట్రోల్ + సి మీరు ఎంచుకున్న అక్షరాలనే తీసుకుంటుంది, మడతలో ఏముందో దానికి పట్టదు. అంశాన్నే ఒక వస్తువుగా ఎంచుకున్నప్పుడు మాత్రం అదే షార్ట్‌కట్ పిల్లలతో సహా తీసుకుంటుంది. మీరు మౌస్‌తో శీర్షికలోని అక్షరాలను ఎంచుకున్నారు కాబట్టి శీర్షిక ఒక్కటే వచ్చింది. లాగ్‌సీక్‌లో ఎస్కేప్ నొక్కితే రాత నుంచి బయటికి వచ్చి అంశం మొత్తం ఎంపికవుతుంది. మీరు వాడేదానిలో ఆ పని ఏ కీ చేస్తుందో ముందుగా కనుక్కోండి. తక్కిన షార్ట్‌కట్లన్నీ తర్వాత నేర్చుకున్నా నష్టం లేదు.

ఈ అయోమయం కొత్తది కాదు, దీనికి ఒక చక్కని పరిష్కారం కూడా చాలా కాలం కిందటే ఉండేది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించిన ఎన్‌ఎల్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఆజ్ఞకు రెండు భాగాలుండేవి: ఏం చేయాలి, దేన్ని చేయాలి. తొలగించు అనగానే సరిపోదు. పదాన్నా, ఒక్క అంశాన్నా, దాని కింద ఉన్నవాటితో కలిపి కొమ్మనా అని కూడా చెప్పాలి. ఒకే తల్లి పిల్లలందరినీ వాళ్ల సంతానంతో కలిపి ‘ప్లెక్స్’ అనే ప్రత్యేకమైన పేరుతో పిలిచేవారు. ఇప్పటి ప్రోగ్రాములు ఒక్క కంట్రోల్ + సి తోనే అన్నీ జరిపించాలని చూస్తూ, ‘దేన్ని’ అన్న భాగాన్ని కర్సర్ ఉన్న స్థితిని బట్టి ఊహించుకుంటాయి.

ఆర్గ్ మోడ్‌లో కొమ్మను కత్తిరించడానికి, అతికించడానికి విడి ఆజ్ఞలు ఇప్పటికీ ఉన్నాయి. కంట్రోల్ + సి, కంట్రోల్ + ఎక్స్, కంట్రోల్ + వై వరుసగా నొక్కితే కొమ్మ కొత్త చోటికి తగ్గట్టు నక్షత్రాల సంఖ్యను సరిచేసుకుని మరీ అతుకుతుంది. మడిచిన హెడ్డింగు మీద కంట్రోల్ + కె నొక్కినప్పుడు లోపలి భాగం పోకుండా ముందుగా అడిగే ఏర్పాటు కూడా ఉంది, కాకపోతే దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి.

మళ్లీ: రాతపని

ఇద్దరికీ ధన్యవాదాలు. నా అవుట్‌లైనర్‌లో కూడా ఎస్కేపే ఆ పని చేస్తుందని తేలింది. మడిచిన అంశాన్ని అలా ఎంచుకుని కాపీ చేస్తే 18 ఉప అంశాలూ వచ్చాయి.

వర్డ్‌లో ఇంకా కొన్ని అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. అక్కడ ఆల్ట్ + షిఫ్ట్ + బాణం వాడబోతే అప్పుడప్పుడు కీబోర్డు భాష మారిపోతోంది. నేను తెలుగు, ఇంగ్లీషు లేఅవుట్లు రెండూ పెట్టుకున్నాను.

జవాబు: కొమ్మరెమ్మ

విండోస్‌లో ఎడమ ఆల్ట్ + షిఫ్ట్ అన్నది భాష మార్చే షార్ట్‌కట్ కూడా. ఆ రెండూ నొక్కి, ఏ బాణం నొక్కాలా అని ఒక్క క్షణం ఆలోచించి వేళ్లు తీసేశారంటే భాష మారుతుంది. కీబోర్డు అధునాతన సెట్టింగుల్లో ఇన్‌పుట్ భాషల హాట్‌కీల దగ్గర దాన్ని తీసేయండి. భాష మార్చడానికి విండోస్ కీ + స్పేస్ ఎలాగూ ఉంటుంది.

మళ్లీ: రాతపని

తీసేశాను, పని చేస్తోంది. ‘భద్రత’ను విడి అధ్యాయం చేసి, ‘తొలి పరీక్ష’ను మాత్రమే దాని కిందికి తెచ్చాను, ‘శుభ్రత’ ‘అమరిక’లోనే ఉండటం మేలనిపించింది.