రెన్యువల్‌కి ముందు రిపేరా, ముందు సంతకమా? (పెదవాల్తేరు)

వాల్తేరు మేడమీద:
విశాఖ పెదవాల్తేరులో పాత ఇంట్లో పై పోర్షన్ మాది. అద్దె 14,000, అడ్వాన్స్ రెండు నెలలు. జూన్ మొదట్లో అగ్రిమెంట్ అయిపోతుంది. ఓనర్ గారు అప్పుడే కొత్త స్టాంపు పేపరు పంపించేశారు, అద్దె 15,500 అని.

పెంచినందుకు కాదు నా బాధ. వంటింటి స్లాబ్ పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. తుప్పు పొడి పొయ్యి మీదకి రాలుతోంది, పప్పు గిన్నె మూత తీయాలంటే ముందు పైకి చూసి తీస్తున్నాం. మొన్న అరచేయంత పెచ్చు సింకులో పడింది. పక్కనే మా అత్తగారు గిన్నెలు కడుగుతున్నారు! బాత్రూం కింద లీకేజీ వల్ల కింది పోర్షన్ గోడకి చెమ్మ. వాళ్ళు నన్నడుగుతారు, నేను ఓనర్ని అడగాలి. సముద్రం వైపు కిటికీ గ్రిల్లు పట్టుకుంటే పొరలు పొరలుగా చేతికొస్తోంది.

ఫోన్ చేస్తే "ముందు సంతకం పెట్టేయమ్మా, ఎండలు తగ్గాక చూద్దాం" అంటారు. ఎండలు తగ్గితే వచ్చేది వానలే కదండీ. మనిషి చెడ్డవారేం కాదు, మామిడిపళ్ళు కూడా పంపిస్తారు. బాబు స్కూలు పక్క వీధిలోనే, ఇల్లు మారాలని లేదు. పని అయ్యాకే సంతకం అంటే తప్పా? నేనే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చా?

రిటైర్డ్ సైటింజనీరు:
అమ్మా, ఉప్పుగాలికి మన ఊళ్ళో పాత స్లాబులన్నిటికీ ఉన్న రోగమే ఇది. ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటుని తోసేస్తుంది. మీ ఓనరు మేస్త్రిని పంపి సిమెంటు పూయించి సున్నం కొట్టిస్తే ఒప్పుకోవద్దు, అది మళ్ళీ ఊడుతుంది. వదులైనదంతా కొట్టేయాలి, ఊచల్ని వైర్ బ్రష్‌తో గీకి తుప్పు మందు పూయాలి, ఆ తర్వాత పాలిమర్ మోర్టార్‌తో (జిగురులాంటి పాలిమర్ కలిపిన సిమెంటు గార) నింపాలి. మరీ సన్నబడ్డ ఊచ పక్కన కొత్తది కట్టాలి.

అన్నిటికంటే ముందు మేడ మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. పైన వాటర్‌ప్రూఫింగ్ లేకుండా కింద ఎంత చేసినా దండగే. ఆ పని ఎండల్లోనే అవ్వాలి. జూన్ వచ్చిందంటే వానలు, అవి వెళ్ళాక తుపాన్లు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, మర్చిపోయామా?

అంతవరకూ పొయ్యి ఆ పెచ్చుల కిందనుంచి జరపండి. ఇది రేపటికి వాయిదా వేసేది కాదు.

నేనూ ఓనర్నే:
మద్దిలపాలెంలో నాకో రెండు పోర్షన్లున్నాయి, కాబట్టి అటువైపు మాట చెప్తా. "ఇల్లు బాగోలేదండీ" అని ఫోన్లో అంటే మాకు చెవికెక్కదు. ఫొటోలు, మేస్త్రి రాసిచ్చిన ఎస్టిమేటు పంపితే కూర్చుని లెక్కేస్తాం. మీరు ఖాళీ చేస్తే ఆయనకి ఒక నెల అద్దె పోతుంది, రంగులు వేయించాలి, బ్రోకరుకి ఇవ్వాలి. పైగా ఆ స్లాబ్ చూశాక కొత్తవాళ్ళెవరు దిగుతారు? పెంచిన 1,500 మాత్రం ఒప్పుకోండి, కానీ పని పూర్తయిన మర్నెల నుంచి అనండి. కుళాయి వాషర్లు, బల్బులు మాత్రం మాకు చెప్పకండి మేడమ్, దణ్ణం పెడతా.

కోర్టు గుమాస్తా:
1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో మీరడిగింది ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరు, చెప్పాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. కిటుకంతా "చేయించాల్సిన" దగ్గరే ఉంది. అగ్రిమెంట్‌లో "రిపేర్లన్నీ అద్దెదారువే" అని ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పాత కాగితం తీసి చదవండి. కొత్తదాంట్లో స్లాబ్, పైపులు, మేడ ఓనరువని, ఫలానా తేదీలోగా పూర్తి చేయాలని రాయించండి. వాట్సాప్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా ఒక ఉత్తరం పంపండి.

కోపంతో అద్దె మాత్రం ఆపకండి, ఖాళీ చేయించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. గడువు దాటిపోతుందని కంగారూ వద్దు. ఆ తర్వాత కూడా ఆయన అద్దె తీసుకుంటే మామూలుగా నెలవారీ అద్దెగా సాగుతుంది, ఖాళీ చేయమనాలంటే 15 రోజుల నోటీసివ్వాలి.

వాల్తేరు మేడమీద:
అందరికీ థాంక్సండీ. పాత కాగితంలో "చిన్న రిపేర్లు అద్దెదారువి" అని మాత్రమే ఉంది. ఎస్టిమేటు, ఫొటోలు పంపాను. నిన్న ఓనర్ గారు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి మేడ ఎక్కి చూశారు. వాటర్‌ప్రూఫింగ్, స్లాబ్ మే నెలాఖరులోగా అని కాగితం మీద రాయడానికి ఒప్పుకున్నారు, పెంపు జూలై నుంచి. బాత్రూంకి వాళ్ళ ప్లంబరే వస్తాడట, చూడాలి. గ్రిల్లు మాత్రం "పెయింటు కొడితే చాలమ్మా" అంటున్నారు. పొరలుగా ఊడేదానికి పెయింటెలా నిలుస్తుందని అడిగితే నవ్వేశారు. దాని సంగతి తేలేదాకా స్టాంపు పేపరు బీరువాలోనే.

స్లాబ్ కొట్టినన్నాళ్ళు వంట ఎక్కడ చేశారో, ఈ పని చేయించుకున్నవాళ్ళెవరైనా చెప్పరూ?