అండాశయ కేన్సర్ పీడీఎక్స్: చర్మం కిందా, పొట్టలోకా?

మంజీర: అందరికీ నమస్కారం. హై గ్రేడ్ సీరస్ అండాశయ కేన్సర్‌కు పీడీఎక్స్ (రోగి కణితిని ఎలుకలో పెంచే) మోడళ్లు మొదలుపెడుతున్నాం. ఆపరేషన్‌లో తీసిన కణితిని కల్చర్ చేయకుండా నేరుగా ఎన్‌ఎస్‌జీ అనే, రోగనిరోధక శక్తి దాదాపు లేని ఎలుకల్లో నాటి పెంచుతాం. చూడాల్సింది కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, ఓలాపరిబ్ మందులకు స్పందన. చర్మం కింద నాటాలా, పొట్టలోకి ఎక్కించాలా? రెండూ రాస్తే ఎలుకల సంఖ్య రెట్టింపవుతుంది, ఎథిక్స్ కమిటీ దగ్గర ఆగిపోతుంది. ఒకటే రాయాలి.

ఓమెంటమ్: పొట్టలోకే. ఈ జబ్బు అండాశయంలో ఉండి ప్రాణం తీయదు. పొట్ట లోపలి పొర పెరిటోనియమ్ అంతా పాకి, పొట్టలో నీరు చేర్చి, పేగులు మూసుకుపోయేలా చేసి తీస్తుంది. చర్మం కింద ఇవేవీ జరగవు. గుండ్రటి గడ్డ పెరిగి, చుట్టూ పొర కట్టుకుని అక్కడే ఉంటుంది. పొట్టలోకి పంపిన కణాలు ఎలుకలో కూడా ముందు పట్టుకునేది పేగుల మీద కప్పే కొవ్వు పొర ఓమెంటమ్‌నే. మేయో క్లినిక్ వాళ్లు 2014లో ప్రచురించింది ఈ పద్ధతే: తాజా కణితిని తరిగి ఎస్‌సీఐడీ (రోగనిరోధక శక్తి లోపించిన) ఎలుకల పొట్టలోకి ఎక్కిస్తే దాదాపు నాలుగింట మూడొంతుల కణితులు పట్టాయి, అంటే ఎలుకలో నాటుకుని పెరిగాయి.

చేసే తీరు: ఐస్ మీద మీడియాలో తెచ్చుకోండి. కుళ్లిన భాగం, కొవ్వు కోసి పారేయండి. రెండు స్కాల్పెళ్లతో ముద్ద అయ్యేదాకా తరగండి. 18 గేజ్ కంటే సన్నటి సూది వద్దు. ముక్క అడ్డుపడుతుంది, గట్టిగా నొక్కితే సగం బయటికి చిమ్ముతుంది. పొట్టకు కుడివైపు కింద గుచ్చండి, ఎడమవైపు సీకం (పెద్దపేగు మొదటి సంచి) తగిలే ప్రమాదం ఎక్కువ.

కాలిపర్: మందు స్పందన చూడాలని మంజీర గారు స్పష్టంగా రాశారు. పొట్టలో ఉన్నదాన్ని దేంతో కొలుస్తారండీ? బరువుతోనా? నీరు చేరిన ఎలుక ఒకవైపు బరువెక్కుతుంది, ఇంకోవైపు కండ కరిగిపోతుంది, తూకంలో తేడా కనపడదు. రక్తంలో కొలిచే కణితి ప్రోటీన్ సీఏ-125తోనా? అన్ని కణితులూ దాన్ని వదలవు. కణాలను వెలిగించే లూసిఫరేజ్ జన్యువు పెట్టాలంటే కణితిని కణాలుగా విడదీసి, ఆ జన్యువును మోసే లెంటివైరస్ ఎక్కించి, వెలిగే కణాలను ఏరాలి. ఆ ఏరివేతలో మిగిలినవాటినే మీరు చదువుతారు, రోగి కణితిని కాదు. నెత్తురు కలిసిన నీరు కాంతిని పీల్చేస్తుంది కూడా. కణితి పెరుగుతూనే ఉంటుంది, సిగ్నల్ తగ్గుతుంది, మందు పనిచేసిందని రాసేస్తారు.

చర్మం కింద అయితే 2–3 మి.మీ. ముక్కను మాట్రిజెల్ అనే ప్రోటీన్ జెల్‌లో ముంచి, పక్కన చిన్న కోత పెట్టి లోపలికి జరపడమే. మాట్రిజెల్‌తో పాటు టిప్పులు కూడా చల్లగా ఉండాలి, లేకపోతే ట్యూబులోనే గడ్డకడుతుంది. తర్వాత వారానికి రెండుసార్లు కాలిపర్ (పొడవు, వెడల్పు కొలిచే పరికరం) పెట్టి కొలవండి.

స్లైడ్‌పెట్టె: మీ వాదన సాగనివ్వండి గానీ, ఏ దారిలో వెళ్లినా ముందు పెరిగింది అండాశయ కేన్సరో లింఫోమానో (తెల్లరక్తకణాల కేన్సర్) చూసుకోండి. కణితితో పాటు వచ్చే రోగి బి-కణాల్లో లింఫోమా తెప్పించగల ఈబీ (ఎప్‌స్టీన్-బార్) వైరస్ నిద్రాణంగా ఉంటుంది. దాన్ని అదుపు చేసే టి-కణాలు ఎన్‌ఎస్‌జీ ఎలుకలో ఉండవు. మెత్తగా, తెల్లగా, మరీ తొందరగా పెరిగితే, ప్లీహం ఉబ్బితే అనుమానించండి. అండాశయ కేన్సర్ గుర్తు పాక్స్8 పాజిటివ్ వచ్చిందని ఊరుకోవద్దు. పాలీక్లోనల్ యాంటీబాడీ అయితే బి-కణాల్లోని పాక్స్5ను కూడా పట్టి రంగు చూపిస్తుంది. తెల్లరక్తకణాల గుర్తులైన మనిషి సీడీ45, సీడీ20 రంగులు తప్పక వేయండి, సందేహముంటే ఈబీ వైరస్‌ను పట్టే ఈబర్ పరీక్ష. కణితి ఎక్కించేటప్పుడే బి-కణాలను చంపే రిటుక్సిమాబ్ ఇస్తే ఈ బెడద బాగా తగ్గుతుంది.

ఓమెంటమ్: కాలిపర్ గారూ, మీ కొలత అంత గట్టిదా? ఘనపరిమాణం అంటే పొడవు × వెడల్పు × వెడల్పు ÷ 2. 12 × 10 మి.మీ. గడ్డ 600 ఘ.మి.మీ. అవుతుంది. కొలిచే చేయి మారి వెడల్పు 11 వచ్చిందనుకోండి, 726. ఒక్క మిల్లీమీటరుకు 21 శాతం తేడా. పొట్టలోనిదాన్ని అల్ట్రాసౌండ్‌తో వారం వారం కొలవవచ్చు, మేయో వాళ్లు చేసేది అదే.

కాలిపర్: అల్ట్రాసౌండ్ పెద్ద ముద్దనే చూపిస్తుంది. పేగు మడతల్లోని 1 మి.మీ. గింజలు దానికి కనపడవు, మీరు పొట్టలోకి వెళ్లిందే ఆ గింజల కోసం. ఇంకో సంగతి. పొట్టలో కణితి పెంచినవాళ్లు మందు కూడా పొట్టలోకే ఇస్తారు. కార్బోప్లాటిన్ వారానికి కిలోకు 50 మి.గ్రా., పాక్లిటాక్సెల్ 15, రెండూ ఐపీ (పొట్టలోకి). అంటే కణితిని మందులో నానబెట్టినట్టే కదా. పాక్లిటాక్సెల్ పొట్టలోకి ఇస్తే రక్తంలో కంటే వెయ్యి రెట్ల దాకా ఎక్కువ మోతాదు పెరిటోనియమ్‌కు అందుతుందని మనుషుల్లోనే కొలిచారు. ఆ ఎలుక కోలుకుందని సిరలోకి మందు తీసుకునే రోగికి ఏం చెప్తారు?

నల్లమల: రక్తనాళాలు పెరగనివ్వని బెవాసిజుమాబ్ కూడా కలిపి చూడొచ్చుగా?

స్లైడ్‌పెట్టె: @నల్లమల అది పట్టేది రక్తనాళాలు పెంచే ప్రోటీన్ వీఈజీఎఫ్‌లో మనిషిదాన్నే. రెండు మూడు పాసేజ్‌లు (ఎలుక నుంచి ఎలుకకు మార్పులు) దాటాక కణితి చుట్టూ ఉన్న స్ట్రోమా (ఆధార కణజాలం) ఎలుకదే, అది వదిలే వీఈజీఎఫ్ ఎలుకదే. ఫలితం ఎటూ తేలదు.

ఓమెంటమ్: మందు తోక సిరలోకి ఇవ్వండి, గొడవ వదులుతుంది. అది మందిచ్చే దారిలో లోపం, కణితి పెంచే చోటుది కాదు.

జంతుశాల: పశువైద్యుడిగా ఒక మాట. ఎన్‌ఎస్‌జీ ఎలుకలో ఎస్‌సీఐడీ మ్యుటేషన్ ఉంది. తెగిన డీఎన్‌ఏను అతికించే ఒక దారి ఒళ్లంతా దెబ్బతిని ఉంటుంది. డీఎన్‌ఏను తెంచే డాక్సోరూబిసిన్ లాంటి మందులను మామూలు మోతాదుకే తట్టుకోలేదు. కణితి లేని ఎలుకల్లో ముందు మోతాదు పరీక్షించండి. 20 శాతం బరువు తగ్గితే ఆపేయాలని ప్రోటోకాల్‌లోనే రాయండి. పొట్ట మోడల్‌లో బరువు నమ్మకూడదు కాబట్టి పొట్ట ఉబ్బు, నడక, ఊపిరి రోజూ చూడాలి.

నల్లమల: మందుల పేపర్ ఏది పంపినా రివ్యూయర్లు "పీడీఎక్స్ ఏది?" అంటారు. ఆ ఎలుకలు కొనే డబ్బు చిన్న ల్యాబులకు ఎక్కడిది? ముందు దాని సంగతి మాట్లాడండి.

కాలిపర్: అసలు చిక్కంతా ఈ పేపర్లతోనే వచ్చింది. ఒక్క రోగి కణితిని పది ఎలుకల్లో పెట్టి "ఎన్ = 10" అని గ్రాఫ్ గీస్తారు. ఆ పది ఎలుకల్లో ఉన్నది ఒకే కణితి. దాన్నుంచి అండాశయ కేన్సర్ మొత్తానికి తీర్పు చెప్పేస్తారు. పొట్టలో పెంచడం కష్టం, ఖర్చు, అందుకే ఆ దారి పట్టినవాళ్లు ఒకటి రెండు మోడళ్ల దగ్గరే ఆగిపోతారు. ఓమెంటమ్ గారు సమర్థిస్తున్నది దీన్నే.

ఓమెంటమ్: నేను రాయనిది నాకు అంటగట్టకండి. ఒక్క మోడల్‌ను లోతుగా చదవడం తప్పెలా అవుతుంది? మెల్‌బోర్న్‌లో వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థ వాళ్లు 2018లో చూపించింది గుర్తు చేసుకోండి. డీఎన్‌ఏను బాగుచేసే బీఆర్‌సీఏ1 జన్యువు ప్రతులన్నీ మిథైలేట్ అయి (రసాయన ముద్రతో మూతపడి) ఉంటేనే ఓలాపరిబ్ లాంటి మందు రుకాపరిబ్ పనిచేసింది, ఒక్క ప్రతిలో మిథైలేషన్ పోయినా మందు లొంగదీయలేకపోయింది. వంద కణితులను పైపైన చూస్తే ఇది దొరికేదా?

కాలిపర్: అవి చర్మం కింద పెంచిన మోడళ్లేనండీ.

ఓమెంటమ్: అవును, చర్మం కిందే. వాళ్ల ప్రశ్నకు ఆ చోటు సరిపోయింది, దానికి నాకు అభ్యంతరం లేదు. ఈ విషయంలో నా పట్టు చోటు మీద కాదు. ఒక కణితి మందుకు ఎందుకు లొంగదో తేల్చడానికి ఒకే కణితి మీద పది ఎలుకలు కావాలి, అంతే.

కాలిపర్: మీకు కావలసింది కారణం. నేను అడిగేది ఎంతమందికి పనిచేస్తుందని. దానికి ఎక్కువ కణితులు కావాలి, కణితికి తక్కువ ఎలుకలు. నోవార్టిస్ వాళ్లు 2015లో చేసినట్టు ఒక మోడల్‌కు, ఒక మందుకు, ఒక్క ఎలుక. వాళ్ల ఆరు రకాల్లో అండాశయం లేదు, అయినా ఆ లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

ఓమెంటమ్: ఆ లెక్కలోకి వచ్చేవి ఎలుకలో పట్టిన కణితులే. పట్టనివి పట్టికలోనే ఉండవు. మొండి కణితులే ఎక్కువగా పడితే మీ శాతాలు మొదటినుంచే ఒకవైపు వంగుతాయి.

కాలిపర్: అందుకే పట్టనివాటి వివరాలు కూడా రాసి ప్రచురించాలంటాను. మీరు ఎంచుకున్న ఒక్క కణితికైనా అదే వంపు ఉంటుంది, కాకపోతే అక్కడ దాన్ని లెక్కగట్టే వీలు కూడా ఉండదు.

మంజీర: నా ప్రశ్న ఇప్పుడు సరిగా అడుగుతాను. మాకు తెలియాల్సింది ఎంతమందికి అన్నదే. ఏడాదికి 15 కణితుల దాకా వస్తాయి, సగం ముందే కీమో తీసుకున్నవి.

కాలిపర్: అయితే చర్మం కింద, కణితికి మందుకు రెండేసి ఎలుకలు, మందివ్వని కంట్రోల్ రెండు. కీమో చూసినవాటినీ చూడనివాటినీ విడిగా లెక్కించండి, కలపొద్దు.

ఓమెంటమ్: ఆ ప్రశ్నకైతే నేనూ చర్మమే అంటాను, కానీ ఒక్క షరతు. మొదటి తరంలోనే కనీసం పది వయల్స్ ఫ్రీజ్ చేయండి. 90 శాతం సీరమ్, 10 శాతం డీఎంఎస్‌ఓ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి ద్రవ నైట్రోజన్‌లోకి. మీ పదిహేనిట్లో ఒకటి వింతగా ప్రవర్తిస్తే దాన్ని పొట్టలోకి తీసుకెళ్లి కారణం వెతకాలి. అప్పటికి అయిదో పాసేజ్ ముక్కే మిగిలితే చేయగలిగేది తక్కువ.

కాలిపర్: రెండో పాసేజ్ దాటినవాటిపై మందు పరీక్షే వద్దంటాను నేను.

ఓమెంటమ్: అది కూడా అతి అవుతుంది. 2017లో జన్యువుల కాపీ నంబర్లు ఎలుకలో మారిపోతాయన్నారు. 2021లో 509 మోడళ్లు చూసి, ఎలుక వల్ల ఒకే దిశలో జరిగే మార్పు పెద్దగా లేదని తేల్చారు.

కాలిపర్: దీనికి వేరే త్రెడ్ తెరవండి, అక్కడ మాట్లాడదాం.

స్లైడ్‌పెట్టె: మంజీర గారూ, ఫ్రీజ్ చేసే ప్రతి తరానికీ ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (డీఎన్‌ఏ వేలిముద్ర) తీసి రోగి రక్తంతో పోల్చుకోండి. కణితులు ఒకేసారి పెరుగుతుంటే ట్యూబులు మారిపోతాయి, మారిన సంగతి మందు పరీక్ష అయ్యాక గానీ బయటపడదు.