ఉగాది ప్రోగ్రామ్‌కి ప్రొజెక్టర్ ఏది తెద్దాం?

ఆడియో వీడియో టీమ్:
అందరికీ నమస్తే. మన డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో హాలు ఖాయమైంది, ప్రొజెక్టర్ మాత్రం మనమే అద్దెకు తెచ్చుకోవాలి. నిరుడు పిల్లల కూచిపూడి వెనక బంతిపూల తోరణం స్లైడ్ వేస్తే పసుపు కాస్తా ఆవపిండి రంగులోకి తిరిగింది, గుర్తుందిగా? లైవ్ చూసిన అమ్మమ్మలు "తెర మీద ఆ రంగు చారలేంటే" అని ఫోన్లు చేశారు. ఈసారి షాపులో రెండు రకాల ప్రొజెక్టర్లున్నాయి: డీఎల్‌పీ రకం 5000 ల్యూమెన్లు (అంటే వెలుగు కొలత), త్రీఎల్‌సీడీ రకం 4500. డీఎల్‌పీకి అద్దె తక్కువ.

ట్రెజరర్:
వెలుగు ఎక్కువ, అద్దె తక్కువ. ఇంకా ఆలోచన దేనికండీ? పైగా అది మన డల్లాస్ సరుకే!

ఆడియో వీడియో టీమ్:
మన ఊరిదే, కాదనను. డీఎల్‌పీ లోపల ఉండేది 1987లో ఇక్కడి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్. దాని మీద లక్షల బుల్లి అద్దాలుంటాయి. అద్దం ఇటు వాలితే వెలుగు లెన్స్‌లోకి, అటు వాలితే పక్కకి. ఇలా సెకనుకు వేలసార్లు. కానీ అద్దానికి రంగు తెలీదు కదా! అందుకని ఒకే చిప్ ఉన్న మామూలు మోడళ్లలో వెలుగుకి అడ్డంగా రంగుల చక్రం తిరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. మన కన్ను వాటిని కలిపేసుకుంటుంది, కెమెరా కలపదు. నిరుడు తెచ్చిందీ డీఎల్‌పీయే, ఆ చారలు అవే. చాలా చక్రాల్లో తెల్ల ముక్క కూడా పెడతారు. పెట్టె మీద రాసిన 5000 తెల్ల స్లైడ్‌కే, రంగులకి అంత వెలుగు రాదు. ఆవపిండి కథ అదీ.

త్రీఎల్‌సీడీలో వెలుగుని మూడు రంగులుగా విడగొట్టి, మూడు ప్యానెళ్ల గుండా పంపి, పట్టకంలో కలిపి ఒకేసారి వదులుతారు. చక్రం లేదు, రంగు చారలూ ఉండవు. నలుపు కొంచెం బూడిద రంగులో కనిపిస్తుంది, దుమ్మంటే కూడా దానికి సరిపడదు. ఒక్క సాయంత్రానికి ఏం కాదులెండి.

యూత్ టీమ్:
అన్నా, మా ఫ్రెండ్ వాళ్ల హోమ్ థియేటర్‌లో ఎల్‌కాస్ అని ఇంకో రకం ప్రొజెక్టర్ ఉంది. నలుపు అదిరిపోతుంది!

ఆడియో వీడియో టీమ్:
నిజమే తమ్ముడూ. ఎల్‌సీడీకి వెనక అద్దం అతికించినట్టు ఉంటుందది. సోనీ, జేవీసీ వాళ్లు చేస్తారు. లైట్లన్నీ వేసిన హాల్లో ఆ నలుపు ఎవరికి కనబడుతుంది చెప్పు? అద్దె కూడా మనం మోయలేం.

కల్చరల్ కమిటీ:
డాన్సులప్పుడు స్టేజి లైట్లు ఆపేది లేదు. 4500 సరిపోతుందా?

ఆడియో వీడియో టీమ్:
తెర 12 అడుగుల వెడల్పు, ఆరుముప్పావు ఎత్తు, అంటే 81 చదరపు అడుగులు. అడుగుకి 55 ల్యూమెన్లు పడతాయి. సినిమా హాలు లెక్క 16 దగ్గరే, కాకపోతే వాళ్లది చీకటి. లైట్లు తెర మీద పడకుండా పిల్లల వైపు తిప్పితే చాలక్కా.

ట్రెజరర్:
అద్దెలో తేడా ఎంత?

ఆడియో వీడియో టీమ్:
రెండు ట్రేల పులిహోర ఖర్చు.

ట్రెజరర్:
సరే, పులిహోర మా ఇంట్లో కలిపిస్తా. బుక్ చేసేయండి.

ఆడియో వీడియో టీమ్:
చేశాను. శనివారం రిహార్సల్‌కి ఆ తోరణం స్లైడే తీసుకురండి, ఫోన్లో వీడియో తీసి చూద్దాం.