కావలిలో సమాచార భద్రతా బృందం: ముందు రిజిస్ట్రేషనా, ముందు సమావేశాలా?

తుమ్మలపెంట తీరం (కావలి):
ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరం కలిసి, సమాచార భద్రతపై కావలిలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ఉచితంగా అవగాహన కల్పించే, లాభాపేక్ష లేని బృందాన్ని ఏర్పాటు చేయాలనుకుంటున్నాము. ముందుగా సొసైటీగా రిజిస్టర్ చేయించుకోవాలా, లేక నల్ (null), ఓవాస్ప్ (OWASP) వంటి సమాచార భద్రతా నిపుణుల సంఘాలకు శాఖగా మొదలుపెట్టడం మేలా అన్నది తేలడం లేదు. మరో చిక్కు కూడా ఉంది. మేము సంప్రదించిన ఒక కళాశాల వారు, విద్యార్థులు ఆసక్తిగా కూర్చోవాలంటే ఏదైనా వెబ్‌సైటును అక్కడికక్కడే హ్యాక్ చేసి చూపించమంటున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
రిజిస్ట్రేషన్‌కు తొందర లేదండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం 7 మంది సభ్యులూ, నియమావళీ ఉండాలి. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, రిజిస్ట్రారుకు కార్యవర్గం జాబితా, జమాఖర్చుల లెక్కలు తప్పవు. విరాళాలు తీసుకోవలసి వచ్చి, బృందం పేరిట బ్యాంకు ఖాతా అవసరమైనప్పుడు ఆ పని చూసుకోవచ్చు. ఓవాస్ప్ శాఖల సమావేశాలు అందరికీ ఉచితం, అక్కడ ఏ కంపెనీ సరుకుకూ ప్రచారం చేయకూడదు. మీరు శాఖగా చేరినా చేరకపోయినా ఈ రెండు కట్టుబాట్లూ మొదటినుంచీ పెట్టుకోండి. స్పాన్సరు పేరుతో యాంటీవైరస్ అమ్మేవారు వేదికెక్కితే మీ మాటపై జనానికి గురి ఉండదు.

ఇక హ్యాకింగ్ ప్రదర్శన సంగతి. యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశిస్తే, ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. మోసపు ఉద్దేశం ఉందని తేలితే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కావాలనే లోపాలతో తయారుచేసిన జ్యూస్ షాప్ అనే ఓవాస్ప్ అప్లికేషన్‌ను మీ ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూపించండి. లాగిన్ పెట్టెలో ఒక కొటేషన్ గుర్తు, మరికొన్ని అక్షరాలు కొట్టగానే అడ్మిన్ ఖాతా తెరుచుకోవడం చూస్తే విద్యార్థులు నిద్రపోరు.

పొదలకూరు నిమ్మ:
పై సలహా సబబే కానీ, నన్నడిగితే కళాశాలల కన్నా ముందు పింఛనుదారుల సంఘాలకూ, రొయ్యల రైతులకూ వెళ్ళాలి. వారికి వాట్సాప్‌లో వచ్చేది రైతు పథకం పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇస్తే ఓటీపీలు నేరుగా మోసగాడికి చేరతాయి. కాబట్టి "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు" అన్న పాత పాఠం ఒక్కటే చాలదు, వారు ఎవరికీ చెప్పకుండానే డబ్బు పోతుంది. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే ఆ ఫోనులో డేటా, వైఫై ఆపివేసి, మరో ఫోను నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ బ్యాంకుకూ చెప్పాలని, ఫోనును రీసెట్ చేయడం ఆ తర్వాతి పని అని నేర్పండి.

తుమ్మలపెంట తీరం (కావలి):
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే మొదటి సమావేశం పింఛనుదారులతోనే పెడతాము. వారి ఫోన్లలోని సెట్టింగులు మేమే సరిచేసి ఇవ్వవచ్చునా?

పొదలకూరు నిమ్మ:
వద్దండి. ఫోను వారి చేతిలోనే ఉండాలి, మీరు పక్కన నిలబడి చెప్పాలి. ఆలస్యమైనా సరే, అపరిచితుడి చేతికి ఫోను ఇచ్చే అలవాటు మీ సమావేశంలో మొదలుకాకూడదు.