ఫోర్క్‌కు ముందు రాసిన మాట రెండుసార్లు ఎందుకు వచ్చింది? ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎలా చదవాలి?

ప్రశ్న: బీటెక్ రెండవ సంవత్సరం విద్యార్థి, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను ములుగు జిల్లాలోని ఒక పల్లెలో, జిల్లా పరిషత్ పాఠశాలలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ప్రస్తుతం హనుమకొండలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ మొదటి మిడ్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. డెడ్‌లాక్ ఏర్పడడానికి కావలసిన నాలుగు షరతులు, పేజీ రీప్లేస్‌మెంట్ లెక్కలు, ప్రాసెస్‌కూ (నడుస్తున్న ప్రోగ్రాం) థ్రెడ్‌కూ (దాని లోపలే సాగే ఒక పని వరుస) ఉన్న తేడాలు, అన్నీ నోట్సులో ఉన్నవి ఉన్నట్టు రాయగలిగాను. అయితే పోయిన వారం ల్యాబ్‌లో జరిగినది చూశాక, ఈ సబ్జెక్టు నాకు అసలు వచ్చా అనే అనుమానం పట్టుకుంది.

ప్రోగ్రాం చాలా చిన్నది. ముందు ప్రింట్‌ఎఫ్‌తో "వరంగల్" అనే మాట, ఆ తరువాతి వరుసలో ఫోర్క్, అంటే నడుస్తున్న ప్రాసెస్‌కు నకలుగా మరో ప్రాసెస్‌ను పుట్టించే కాల్, అంతే. ఫోర్క్‌తో పుట్టిన చైల్డ్ ప్రాసెస్ ఆ తరువాతి వరుస నుంచే నడుస్తుందని చదువుకున్నాను కాబట్టి, ఆ మాట ఒక్కసారే వస్తుందని చెప్పాను. తెర మీద మాత్రం "వరంగల్‌వరంగల్" అని వచ్చింది. కారణం అడిగితే నాకు నోట మాట రాలేదు. తోటివారు కూడా చెప్పలేకపోయారు, ఇంతలో ల్యాబ్ సమయం అయిపోయింది. రికార్డులో అవుట్‌పుట్‌ను సీనియర్ల రికార్డు చూసి దించుకోవడమే ఇంతవరకు మాకు అలవాటు.

అసలు అలా ఎందుకు వచ్చింది? ఈ సబ్జెక్టును అర్థమయ్యేలా చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంగ్లీషులో చదివినదాన్ని మనసులో తెలుగులోకి మార్చుకుంటేనే నాకు ఎక్కుతుంది, అది తప్పా?

జవాబు: అధ్యాపకురాలు, వరంగల్

మీరు చదువుకున్నది తప్పు కాదు, చైల్డ్ ప్రాసెస్ ఫోర్క్ తరువాతి వరుస నుంచే నడిచింది. అయితే ప్రింట్‌ఎఫ్ పిలవగానే మాట తెర మీదకు వెళ్లిపోతుందని మీరు అనుకున్నారు, పొరపాటు అక్కడ ఉంది. ప్రింట్‌ఎఫ్ అనేది సి లైబ్రరీలోని ఫంక్షన్. అది అక్షరాలను ముందుగా ప్రాసెస్ సొంత మెమరీలోని ఒక బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వ చోటులో, పోగు చేసి, తరువాత ఎప్పుడో రైట్ అనే సిస్టమ్ కాల్ (కర్నెల్‌ను పని అడిగే పిలుపు) ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కర్నెల్‌కు అప్పగిస్తుంది. మీ ప్రోగ్రాంలో ఫోర్క్ జరిగే సమయానికి "వరంగల్" ఇంకా బఫర్‌లోనే ఉంది. ఫోర్క్ అంటే పేరెంట్ (దాన్ని పిలిచిన ప్రాసెస్) మెమరీకి నకలు తీయడం కాబట్టి ఆ బఫర్ కూడా, అందులోని మాటతో సహా, చైల్డ్‌కు వచ్చింది. ముగిసేటప్పుడు రెండు ప్రాసెస్‌లూ తమ తమ బఫర్లను ఖాళీ చేశాయి.

ఇప్పుడు ఆ మాట చివర న్యూలైన్ చేర్చి మళ్లీ నడపండి. అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తున్నప్పుడు న్యూలైన్ రాగానే బఫర్ ఖాళీ అవుతుంది కనుక ఈసారి మాట ఒక్కసారే కనబడుతుంది. ఆ తరువాత ప్రోగ్రాంలో అక్షరం కూడా మార్చకుండా, అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి మళ్లించి, ఆ ఫైలు తెరిచి చూడండి. మళ్లీ రెండుసార్లు ఉంటుంది, ఎందుకంటే ఫైలుకు రాసేటప్పుడు న్యూలైన్ వచ్చినా బఫర్ నిండేవరకో ప్రోగ్రాం ముగిసేవరకో లైబ్రరీ ఆగుతుంది. నా మాట మీద నమ్మకం పెట్టుకోవలసిన అవసరం కూడా లేదు. ఉబుంటు లినక్స్‌లో, ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపించే స్ట్రేస్ అనే ఉపకరణాన్ని, చైల్డ్‌ను కూడా వెంబడించే ఎఫ్ ఆప్షన్‌తో నడిపితే, ఏ ప్రాసెస్ ఎప్పుడు రైట్‌ను పిలిచిందో వరుసగా కనబడుతుంది. అందులో ఫోర్క్‌కు బదులు క్లోన్ అనే పేరు కనబడితే కంగారు పడకండి, లినక్స్‌లో సి లైబ్రరీ ఫోర్క్‌ను ఆ కాల్‌తోనే చేయిస్తుంది.

ఇకమీదట ఏ ప్రోగ్రాం నడిపినా, నడపడానికి ముందే అవుట్‌పుట్ ఏమి రావాలో కాగితం మీద రాసుకోండి, వచ్చినదానితో పోల్చి తేడా ఎందుకో వెతకండి. సీనియర్ల రికార్డు నుంచి దించిన అవుట్‌పుట్ మీకు ఈ ఒక్క అవకాశాన్నే లేకుండా చేస్తున్నది.

తెలుగులో ఆలోచించడం ఎంతమాత్రం తప్పు కాదు. పారిభాషిక పదాన్ని ఇంగ్లీషులోనే ఉంచి, అది చేసే పనిని మాత్రం మీ ఊరి మాటల్లో చెప్పుకోండి. షెడ్యూలింగ్, అంటే ఏ ప్రాసెస్‌కు ప్రాసెసర్ ముందు దొరకాలో నిర్ణయించడం, చెప్పేటప్పుడు నేను ఎనుమాముల మార్కెట్‌లోని కాంటా దగ్గరి వరుసను చూపిస్తాను. ముందు నిలబడిన రైతు మిర్చి బస్తాలు తూచడానికి 60 నిమిషాలు పడుతుందని, వెనుక ఉన్న ఇద్దరికీ చెరో 6 నిమిషాలు చాలని అనుకుందాం. వచ్చిన వరుసలోనే తూస్తే ముగ్గురి నిరీక్షణ 0, 60, 66 నిమిషాలు, అంటే సగటు 42. చిన్న పనులు ముందు తూస్తే 0, 6, 12 నిమిషాలు, సగటు 6. అయితే తక్కువ బస్తాల వారు ఒకరి తరువాత ఒకరు వస్తూనే ఉంటే పెద్ద రైతుకు పొద్దుగూకినా వంతు రాదు. దానినే స్టార్వేషన్ అంటారు, వేచి ఉన్న కొద్దీ ప్రాధాన్యం పెంచే ఏజింగ్ దానికి విరుగుడు. ఈ లెక్క ఒకసారి చేసిన విద్యార్థి నిర్వచనాన్ని బట్టీ పట్టడం నేను చూడలేదు.

జవాబు: సిస్టమ్స్ ప్రోగ్రామర్, సొంతూరు కాజీపేట

మేడం గారు చెప్పినదానికి తోడు, మీకు ముందు రాబోయే సెమఫోర్ల గురించి, అంటే ఒకే వనరును పంచుకునే ప్రాసెస్‌లకు వంతులు వేసే ఏర్పాటు గురించి, చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది చేతులెత్తేసేది అక్కడే. మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు, నేను కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగాను. సెమఫోర్ అనే పేరును డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960ల మొదట్లో చెయ్యిలా పైకీ కిందికీ కదిలే పలక ఉన్న రైల్వే స్తంభపు సిగ్నల్ నుంచే తీసుకున్నారు. సింగిల్ లైన్ సెక్షన్లలో ఒకప్పుడు డ్రైవర్ చేతికి టోకెన్, అంటే బెత్తపు రింగుకు కట్టిన తోలు సంచిలోని ఇనుప గుండు, అందనిదే బండి ఆ సెక్షన్‌లోకి వెళ్లకూడదు. రెండు స్టేషన్లలోని యంత్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేవి కాబట్టి, ఒక గుండు బయట ఉండగా ఏ చివరి నుంచీ రెండవది బయటకు వచ్చేది కాదు. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి పోనిచ్చే తాళం, మ్యూటెక్స్, చేసే పని సరిగ్గా ఇదే.

టోకెన్ లేకపోతే ఏమవుతుందో కళ్లారా చూడాలంటే, ఒకే గ్లోబల్ వేరియబుల్‌ను రెండు థ్రెడ్లు చెరో 10,00,000 సార్లు ఒకటి చొప్పున పెంచేలా ప్రోగ్రాం రాసి, ఆప్టిమైజేషన్ (కంపైలర్ కోడ్‌ను వేగం కోసం మార్చడం) లేకుండా కంపైల్ చేసి నడపండి. 20,00,000 రావలసిన చోట సాధారణంగా తక్కువ వస్తుంది, అది కూడా నడిపిన ప్రతిసారీ వేరే సంఖ్య వస్తుంది. ఒకటి పెంచడమంటే విలువను మెమరీ నుంచి తేవడం, కలపడం, తిరిగి పెట్టడం అనే మూడు పనులు. ఒక థ్రెడ్ తెచ్చిన పాత విలువనే రెండవది కూడా తెచ్చుకుంటే, రెండు పెంపుల్లో ఒకటి పోతుంది. కంపైలర్ తయారుచేసిన యంత్ర ఆదేశాల జాబితా, అంటే అసెంబ్లీ లిస్టింగ్, తీసి ఆ మూడు పనులు ఎక్కడ ఉన్నాయో వేలు పెట్టి చూడండి. నేను ఆ పని ఉద్యోగంలో చేరిన తరువాత చేశాను, కాలేజీలోనే చేయవలసింది.

జవాబు: ఎంటెక్ విద్యార్థి, కాజీపేట

ఈ రెండూ అయ్యాక ఎక్స్‌వి6 తెరవండి. 1975లో వచ్చిన యునిక్స్ ఆరవ ఎడిషన్‌ను ఆధారం చేసుకొని, బోధన కోసం ఎంఐటీలో 2006లో మొదలైన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అది. క్యూఎంయూ అనే ఎమ్యులేటర్‌లో (వేరే కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం) నడుస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాలని కూర్చుంటే మాత్రం విసుగు వస్తుంది, నాకూ వచ్చింది. ఒక ప్రశ్న పట్టుకొని లోపలికి వెళ్లాలి, మీ దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది. మీ "వరంగల్" ప్రోగ్రాంను అందులో రాసి, ఏమేమి కంపైల్ చేయాలో చెప్పే మేక్‌ఫైల్‌లో దాని పేరు చేర్చి నడపండి. ఫలితం నేను చెప్పను.

ప్రశ్న అడిగిన విద్యార్థి

పది రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఫైలులోకి మళ్లించినప్పుడు మాట రెండుసార్లు రావడం చూశాను, స్ట్రేస్‌లో రెండు వేర్వేరు ప్రాసెస్ నంబర్ల పక్కన రెండు రైట్ కాల్స్ కనబడ్డాయి. థ్రెడ్ల ప్రోగ్రాంను ముందుగా 1,000 సార్లకే రాసి నడిపితే ప్రతిసారీ సరిగ్గా 2,000 వచ్చింది, దాంతో అన్నగారు చెప్పినది నా ల్యాప్‌టాప్‌లో జరగదేమో అనుకున్నాను. 10,00,000 చేయగానే లెక్క తప్పింది. రెండవ థ్రెడ్ పుట్టేలోపే మొదటిది తన 1,000 పూర్తి చేస్తున్నదని, అందువల్ల రెండూ ఒకేసారి ఆ వేరియబుల్ దగ్గరకు రావడం లేదని నాకు అర్థమైంది.

ఎక్స్‌వి6లో నడపడానికి ముందు కాగితం మీద "రెండుసార్లు" అని రాసుకున్నాను. ఒక్కసారే వచ్చింది. ప్రింట్‌ఎఫ్ ఉన్న ఫైలు తెరిచి చూస్తే, అక్కడ బఫరే లేదు, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క రైట్ కాల్ ఉంది. ఫోర్క్ జరిగే సమయానికి మాట మొత్తం అప్పటికే బయటకు వెళ్లిపోయింది, చైల్డ్‌కు నకలు కావడానికి ఏమీ మిగలలేదు. తరువాత ఫోర్క్ అయ్యాక పేరెంట్ చేత ఒక వాక్యం, చైల్డ్ చేత ఒక వాక్యం ముద్రించి చూస్తే రెండింటి అక్షరాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చాయి, ఈసారి కాగితం మీద నేను రాసుకున్నది కూడా అదే.