చేతి వణుకుకి ప్రిమిడోన్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది గుంటూరు. నాన్నగారికి 66 ఏళ్లు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కదలవు. పెన్ను పట్టుకున్నా గ్లాసు ఎత్తినా వణుకు మొదలు. అమ్మ టీ సగం గ్లాసే పోసి ఇస్తుంది. మొన్న సంతకం కలవలేదని బ్యాంకులో చెక్కు వెనక్కిచ్చారు, అప్పుడుగానీ ఆయన డాక్టరు దగ్గరికి కదల్లేదు.

న్యూరాలజిస్టు చూసి పార్కిన్సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ (చేత్తో ఏదైనా పని చేస్తుంటే వచ్చే వణుకు జబ్బు) అన్నారు. తాతయ్యకీ ఇలాగే ఉండేది.

మామూలుగా ముందు ఇచ్చేది ప్రొప్రనొలాల్ అట. నాన్నకి ఆస్తమా ఉంది (ఆ మిర్చి ఘాటులో ఆయాసం ఆగేదెలా!), అది వేసుకుంటే ఊపిరి బిగుసుకుపోవచ్చని వద్దన్నారు. బెజవాడ బాబాయి మాత్రం ‘నా ప్రొప్రనొలాల్ మాత్రలు రెండు వేసుకో అన్నయ్యా, వణుకు అదే పోతుంది’ అంటూ ఫోన్లు. ఆయన్ని ఆపడమే పెద్ద పని.

ఇక మిగిలినవి ప్రిమిడోన్, టోపిరమేట్. ప్రిమిడోన్‌తో మొదట్లో మత్తు, తూలుడు ఉంటాయని, రాత్రిపూట తక్కువ డోసుతో మొదలుపెడతామన్నారు. టోపిరమేట్‌తో తిమ్మిర్లు, ఆకలి తగ్గడం, మాట చప్పున గుర్తురాకపోవడం ఉండొచ్చట. కిడ్నీలో రాళ్లు కూడా రావచ్చట, నాన్నకి ఇదివరకే ఒకసారి రాయి వచ్చింది. అందుకే నాకు ప్రిమిడోనే నయమనిపిస్తోంది.

ఈ వయసులో ప్రిమిడోన్ మొదలుపెట్టినవాళ్లకి మత్తు ఎన్నాళ్లకి తగ్గింది? రాత్రి బాత్రూంకి లేచినప్పుడు పడిపోతారేమోనని టెన్షన్. రాత చదవగలిగేలా కుదుటపడిందా? ఇన్‌హేలర్ వల్ల కూడా వణుకు పెరుగుతుందంటారు, మీలో ఎవరికైనా డాక్టరు అది మార్చారా? డోసు మేం సొంతంగా మార్చం, వచ్చే వారం డాక్టరుని ఏమేం అడగాలో తెలుసుకోవాలని అడుగుతున్నాను.