అప్‌డేట్: ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) మార్చాం, బండి స్టార్ట్ అయింది

నెల్లూరు ఎండకి ఇంజన్ వేడెక్కితే ఆగిపోతోందనీ, పీ0606 కోడ్ (ఈసీఎం లోపలి ప్రాసెసర్‌లో లోపం అని) చెరిపినా మళ్లీ వస్తోందనీ అడిగాను కదా. మీరన్నట్టే ముందు ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి కలిపే కనెక్షన్) చూశాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఈసీఎం ఎర్త్‌కీ మధ్య 0.7 వోల్టుల డ్రాప్, 0.1 దాటకూడదు. మైపాడు ఉప్పుగాలి మరి, బోల్టు కింద తుప్పు. గీకి బిగిస్తే డ్రాప్ పోయింది, కోడ్ పోలేదు. సెన్సర్లన్నీ పీకేసి, వైరు షార్ట్ లేదని చూశాక కూడా ఈసీఎం సెన్సర్లకి ఇచ్చే 5 వోల్టుల లైను 3.8 దగ్గరే ఉంది. అంటే ఈసీఎం బోర్డే పోయింది.

అదే పార్ట్ నంబరున్న సెకండ్ హ్యాండ్ ఈసీఎం పెడితే సెల్ఫ్ తిరిగింది గానీ స్టార్ట్ కాలేదు, ఇమ్మొబిలైజర్ (తాళంచెవిని గుర్తుపట్టకపోతే ఇంజన్‌ని ఆపే వ్యవస్థ) లైటు మెరుస్తూనే ఉంది. పాత బోర్డు ఈఈప్రామ్ (ఆ తాళంచెవి వివరాలు దాచే మెమరీ చిప్) డేటా ఇందులోకి కాపీ చేశాకే స్టార్ట్ అయింది. డేటా రాసేటప్పుడు బ్యాటరీకి సపోర్ట్ సప్లై (వోల్టేజ్ నిలిపే బయటి పవర్) తగిలించండి, మధ్యలో వోల్టేజ్ పడితే ఈ బోర్డూ పోతుంది. థ్రాటిల్ లెర్నింగ్ (ఇంజన్‌కి గాలి వదిలే వాల్వు స్థానాన్ని కొత్త ఈసీఎంకి నేర్పడం) చేసేదాకా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) నిలకడగా లేదు.